కూడుడికినాదర్రో

నాకు ఈత రాదు. మాది శ్రీముఖలింగానికి ఆవల, వంశధార నీటితో వరి పండించే ఊరు. నదికి అంత చేరువలో పుట్టినా మా ఇంటి ఆడపిల్లలెవరూ మోకాలి లోతు దాటి నీటిలోకి దిగి ఎరుగరు. ఈ సంగతి ముందుగా చెప్పడం అవసరం. ఎందుకంటే, మా ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ పూర్తి చేసి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీకి చేరిన నేను, చివరి సంవత్సరపు ప్రాజెక్టుకు ఎంచుకున్న విషయం సముద్రతీరపు రాళ్ల మధ్య నిలిచే నీటి గుంటలు, వాటిలో బతికే ప్రాణులు.

ఆ ఎంపికకు కారణం ఒక గాజు సీసా. ప్రయోగశాల అల్మరాలో, ఫార్మలిన్‌లో నానుతూ పాత గుడ్డ పేలికలా కనిపించే ఒక ముద్దను చూపించి, ఇది సముద్రపుష్పం అని మాకు చెప్పారు. మూడు పరీక్షల్లో దాని బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. తరువాత ఒకసారి తరగతి అంతా కలిసి తీరానికి వెళ్లినప్పుడు, అదే ప్రాణి ఒక రాతి గుంటలో లేతాకుపచ్చ వేళ్లు విప్పుకొని నిలబడి ఉండడం, నా నీడ పడగానే ముడుచుకోవడం చూశాను. నేను అంతవరకు గీసినది శవం బొమ్మ అని అప్పుడు తెలిసింది.

విజయనగరం జిల్లా తీరంలో ఒక మత్స్యకార గ్రామంలో నెల రోజుల పాటు గది తీసుకుని ఉన్నాను. ఇంటి యజమానురాలికి అరవై ఏళ్లు ఉంటాయి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనేవారు. నేనూ అలాగే పిలిచాను. కొడుకు పడవ మీద వేటకు వెళ్లేవాడు. నీరు వెనక్కి తీసిన వేళల్లో కోడలూ, మరో నలుగురు స్త్రీలూ ఇనుప మొలలు పట్టుకుని రాళ్ల మీదికి వెళ్లి, రాతిని కరచుకుని ఉండే గుల్లలను కొట్టి తెచ్చేవారు. పెద్దమ్మ వారికి పెద్ద. వారి వెంట, వెదురు బద్దలతో కట్టిన అడుగు చదరపు చట్రం, ఒక నోటుపుస్తకం పట్టుకుని నేను. చట్రాన్ని ఒక్కో గుంటలో మూడు చోట్ల ఉంచి, దాని లోపల పడిన సముద్రపుష్పాలను లెక్కించడం నా పని.

మా ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల అని కూడా అర్థం. కోడలికి ఆ ఒక్క మాట చాలింది.

"అత్తా, నీ గుంటేదే?"

"గుంటలో ఉన్నాది."

"ఏ గుంటలో?"

"ఏ గుంటయితే నీకేటే, నీ గుల్లలు నువ్వు కొట్టుకో."

రోజూ ఇదే సంభాషణ. రోజూ అందరూ కొత్తగా నవ్వేవారు.

పెద్దమ్మ నాకు పెట్టిన షరతు ఒక్కటే. "సూడు గుంటా, రాళ్ల మీద నాను పిలిస్తే వొచ్చేయాల. ఎందుకూ ఏటీ అని అడక్కూడదు. నిన్ను నా ఇంటికాడ ఒగ్గి ఎల్లినోడు మీ నాన్న. ఆయనకి నాను జవాబు సెప్పాల." నేను ఒప్పుకున్నాను. మూడు వారాల పాటు ఆమె ఒక్కసారి కూడా పిలవలేదు. నేను పనిచేసిన అయిదు గుంటలూ ఒడ్డును ఆనుకుని ఉన్న రాళ్లలోనివి. అక్కడి నుంచి ఎప్పుడైనా నడిచి రావచ్చు. పైగా నా ఫోనులో ఆటుపోట్ల పట్టిక ఉండేది. నీరు ఎన్ని గంటలకు అడుగు మట్టానికి చేరుతుందో, ఎప్పుడు తిరుగుతుందో అది నిమిషాలతో సహా చెప్పేది.

ఆరో గుంట మాత్రం పెద్దరాయి మీద ఉంది. ఒడ్డు రాళ్లకూ పెద్దరాయికీ నడుమ పదిహేను అడుగుల సందు. మామూలు రోజుల్లో ఆ సందులో అలలు తెల్లగా విరుగుతాయి. పున్నమికీ అమావాస్యకీ తరువాతి రెండు రోజులు, మధ్యాహ్నం వేళ, సందులో నీరు మోకాటి లోతుకు దిగుతుంది. అప్పుడు మాత్రమే దాటి వెళ్లగలం. గడచిన అమావాస్యకు గాలి ఎక్కువై ఎవరూ వెళ్లలేదు. మిగిలినది మాఘ పున్నమి ఒక్కటే. ఆ తరువాతి అమావాస్య నాటికి నా గడువు దాటిపోతుంది. ఒడ్డు నుంచి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ప్రాణుల సంఖ్య ఎలా మారుతుందో చూపడమే నా ప్రాజెక్టు ఉద్దేశం కాబట్టి, ఆరో గుంట లేకపోతే మిగిలిన అయిదూ లేనట్టేనని మా గైడు స్పష్టంగా చెప్పారు.

పున్నమి మరునాడు, పాడ్యమి నాడు, ఒంటిగంటన్నరకు సందు దాటాము. పెద్దమ్మ దాటలేదు. ఒడ్డు వైపు రాయి మీద, సందు మధ్యలో తాబేలు వీపులా కనిపించే చిన్న రాయికి ఎదురుగా కూర్చుంది. అది ఆమె విశ్రాంతి తీసుకునే చోటు అనుకున్నాను. స్త్రీలు సందు పక్కనే గుల్లలు కొట్టడం మొదలుపెట్టారు. నేను పెద్దరాయి మూపు ఎక్కి, అవతలికి, సముద్రం వైపు దిగాను. అక్కడి నుంచి నాకు వారు కనిపించరు. వారికి నేను కనిపించను.

ఆ గుంట ఒక మనిషి పడుకునేంత పొడవు ఉంటుంది. నీరు ఎంత తేటగా ఉందంటే, వంగి చూస్తే ముఖానికి తగిలిన తరువాతే అక్కడ నీరుందని తెలిసింది. అడుగున ఊదారంగు ముళ్లబంతులు తాము తొలుచుకున్న గుంతల్లో తామే ఇరుక్కుని ఉన్నాయి. ఒక సన్యాసి పీత తన గుల్లను ఈడ్చుకుంటూ పోతోంది. వెన్నెముక బయటికి కనిపించేంత పారదర్శకమైన చేప పిల్లలు నా వేలి దగ్గరికి వచ్చి, వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చాయి. ఇక సముద్రపుష్పాలు, లోపలి అయిదు గుంటల్లో కలిపి చూసినన్ని ఈ ఒక్కదానిలోనే ఉన్నాయి. మొదటి చట్రంలో ముప్పై ఒకటి. రెండో దానిలో ఇరవై ఆరు. మూడోసారి చట్రం ఉంచుతుండగా పెద్దమ్మ గొంతు వినబడింది.

"కూడుడికినాదర్రో!"

ఫోను చూశాను. రెండూ ఇరవై. పట్టిక ప్రకారం నీరు తిరగడానికి ఇంకా అరగంట ఉంది.

ఇక్కడ నా గురించి ఒక విషయం ఒప్పుకోవాలి. కూడు అన్న మాట మా ఇంటిది. మా అమ్మ గట్టు మీద నిలబడి, చేలో ఉన్న అందరినీ ఆ మాటతోనే పిలిచేది. డిగ్రీలో చేరిన మొదటి వారం, హాస్టల్లో పక్క గది అమ్మాయిని "కూడు తిన్నావా?" అని అడిగాను. ఆమె ఆ ప్రశ్నను వారం రోజుల పాటు మెస్సు వరుసలో నా గొంతుతో అనుకరించింది. అప్పటి నుంచి నేను భోజనం తప్ప మరేదీ తినలేదు. అయిదేళ్లలో నా నోరు ఎంత శుభ్రపడిందంటే, ఆ రాళ్ల మీద ఆ మాట వినగానే ఎవరైనా విన్నారేమోనని ముందుగా సిగ్గుపడ్డాను. ఆ తరువాతే జవాబిచ్చాను.

"మీరు తినండి పెద్దమ్మా, నాకు ఆకలిగా లేదు!"

పిలుపు మళ్లీ వచ్చింది, ఇంకా గట్టిగా. నేనూ ఇంకా మర్యాదగా అరిచాను. "తరువాత తింటానండీ!"

మూపు అవతల మొలల చప్పుడు ఆగిపోయింది. అందరూ భోజనానికి వెళ్లారని అనుకున్నాను. నిశ్శబ్దం నా లెక్కకు మంచిదేనని కూడా అనుకున్నాను.

చట్రంలో పదిహేను వరకు లెక్కించేసరికి గుంటలో ఒక మార్పు వచ్చింది. సగం ముడుచుకుని ఉన్న సముద్రపుష్పాలన్నీ ఒకదాని తరువాత ఒకటి విప్పుకోసాగాయి. అంత అందమైన దృశ్యాన్ని నేను అంతకు ముందు చూడలేదు. సంతోషంతో లెక్క మళ్లీ మొదటి నుంచి ప్రారంభించాను. కొత్త నీరు తగిలితే అవి విప్పుకుంటాయని నేను పుస్తకంలో చదివాను. పరీక్షలో రాశాను కూడా. ఆ కొత్త నీరు ఎక్కడి నుంచి వస్తోందని మాత్రం ఆ క్షణంలో నన్ను నేను అడగలేదు. గుంట అంచున, అంతవరకు ఎండిన రాయి ఉన్నచోట, జడ పాయ మందాన ఒక నీటి ధార లోపలికి జారుతోంది. నా చీలమండలు చల్లబడ్డాయి. తల ఎత్తాను. నాకూ సముద్రానికీ మధ్య ఉండవలసిన రాళ్లలో సగం లేవు.

మూపు ఎక్కేసరికి సందు అవతల స్త్రీలందరూ నిలబడి ఉన్నారు. తాబేలు రాయి లేదు. అది ఉండవలసిన చోట నీరు ఉబ్బి, ఎడమకు వాలి, మళ్లీ ఉబ్బుతోంది. నడుము లోతు నీటిలో పెద్దమ్మ ఉంది. బుట్టలు మోసే తాడు ఒక కొస ఆమె నడుముకు ఉంది. రెండో కొస ఒడ్డున కోడలి చేతుల్లో.

"దిగే!"

"పెద్దమ్మా, నాకు ఈత రాదు!"

"ఈత ఎవులికి కావాలే! నడు! అలొస్తే నిలబడు, పోతే నడు!"

దిగాను. ఒక చేత్తో పుస్తకాన్నీ, మరో చేత్తో చట్రాన్నీ తలపైకి ఎత్తి పట్టుకున్నాను. మొదటి అలకు నిలబడ్డాను. అది పోగానే మూడడుగులు నడిచాను. రెండో అల నా ఛాతీ వరకు వచ్చింది.

"ఆ సట్రం ఒగ్గేయే, దరిద్రపు గుంటా! నా సెయ్యి పట్టుకో!"

వదిలేశాను. చెయ్యి అందేలోపు కాళ్ల కింద నేల పోయింది. నీరు నన్ను పక్కకు ఈడ్చి, గుల్లల అంచులున్న రాతికి మోకాలిని రాసింది. నోటినిండా ఉప్పు. ఇక ఏమీ అనుకోలేదు. మా నాన్న ముఖం కూడా గుర్తు రాలేదు. గుర్తున్నది ఒక్కటే, తల వెనుక ఒక్కసారిగా పుట్టిన నొప్పి. పెద్దమ్మ నా జడ పట్టుకుంది. జడతోనే నన్ను తన వైపు లాగి, చంక కింద చెయ్యి వేసి, "లాగండర్రా" అని అరిచింది.

ఒడ్డున కూర్చోబెట్టిన తరువాత ఆమె మొదట చేసిన పని నా వీపు మీద గట్టిగా ఒకటి వెయ్యడం. తరువాత తానూ కూలబడింది. కోడలు అంది, "అత్తా, ఇన్నావా? ఆకలి నేదంట." ఒకామె ముక్కులోంచి నవ్వింది. మరొకామె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ నవ్వలేదు.

ఇంటికి వచ్చి, సముద్రం వైపు తలుపు వేసిన తరువాతే ఆమె విషయం చెప్పింది. రాళ్ల మీద ఉన్నప్పుడు నీరు ఎక్కడాన్ని పోటు అనీ, తియ్యడాన్ని పాటు అనీ ఎవరూ పైకి అనకూడదు. వస్తోందని పేరు పెట్టి అరిస్తే, పిలిచినట్టే అవుతుంది. కోడలు చెప్పిన కారణం వేరు. గాలిలో అరిస్తే పోటుకూ పాటుకూ తేడా తెలియదు. ఒకటి అంటే ఒకటి వినబడుతుంది. కారణం ఏదైనా, వాళ్ల అత్తల కాలం నుంచీ తాబేలు రాయిని కనిపెట్టి కూర్చున్న మనిషి "కూడుడికినాదర్రో" అనే పిలుస్తుంది. ఆ మాట వింటే చేతిలో గుల్ల సగం ఊడి ఉన్నా వదిలి లేవాలి. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందనే ఇంట్లో పుట్టిన నాకు ఇది అర్థం కానిది కాదు.

"నాకు ముందే చెప్పి ఉండవలసింది పెద్దమ్మా" అన్నాను.

ఆమె నా మోకాలికి పసుపు అద్దుతోంది. చెయ్యి ఆపి నా వైపు చూసింది. "కూడంటే రానోలుంటారని నాకేటి తెలుసు?"

మోకాలిని ఆమె చేతికి ఇంకాస్త దగ్గరగా జరిపాను.

ఫోను పట్టిక అబద్ధం చెప్పలేదని, అది వేరే రేవుకు లెక్కించినదని, ఆనాటి దక్షిణపు గాలి సంగతి దానికి తెలియదని రాత్రి కూర్చుని ఆలోచించాను. పుస్తకం ప్లాస్టిక్ కవరులో ఉండడం వల్ల మొదటి రెండు సంఖ్యలు మిగిలాయి. మూడోది లేదు. సందు దాటడానికి మిగిలినది విదియ ఒక్కరోజే. ఆ మాట నేను నోరు విప్పి అడగలేకపోయాను. తెల్లవారి గంజి తాగుతుండగా పెద్దమ్మే ఎత్తింది.

"నువ్వు రాయి దాటకూడదు. నాను దాటతాను. మూడు సోట్ల పెట్టి లెక్కెట్టడమే కదేటి?"

"మరి రాయిని సూసేదెవులు?" అంది కోడలు.

"ఈ గుంట సూస్తాది."

"ఓలమ్మా! ఇదా పిలిసేది? ములిగిపోతన్నా మాకు ఆకలి నేదంటాది."

"నిన్న సూడనిది ఈయేల కన్నార్పదు" అంది పెద్దమ్మ. అంతే, ఆ ఇంట్లో ఆమె మాట తరువాత మాట ఉండదు.

కొడుకు పాత తడిక నుంచి బద్దలు తీసి కొత్త చట్రం కట్టి ఇచ్చాడు. ఒకే ప్రాణిని రెండుసార్లు లెక్కించకుండా ఎలా చూసుకోవాలో పెద్దమ్మకు నేను వివరించబోతే, చేపలు పోగులు పెట్టే మనిషికి ఆ పాఠం అవసరం లేదని కోడలు గుర్తు చేసింది.

ఆ రోజు రెండుంబావుకు ఆరుగురూ దాటారు. నేను పెద్దమ్మ చోటులో, తాబేలు రాయికి ఎదురుగా కూర్చున్నాను. ఫోనును ఇంట్లోనే వదిలి వచ్చాను. గుర్తు ఆమె చెప్పింది. అలలు రాయి భుజాల వరకు వస్తాయి, అది లెక్క కాదు. ఒక్కో పెద్ద అల వీపు ఎక్కి జారిపోతుంది, అదీ లెక్క కాదు. వరుసగా మూడు అలలు వచ్చి పోయినా వీపు ఆరకపోతే, అప్పుడు.

నేను ఎన్నో పరీక్షలు రాశాను. వాటిలో ఏ ప్రశ్నపత్రాన్నీ ఆ రాయిని చూసినంతగా చూడలేదు. రాయి వీపు బూడిదరంగు. మధ్యలో సున్నం పూసినట్టు తెల్లని మచ్చ. ఒక అల ఆ మచ్చను తడిపింది. లేచాను. ఎండ దానిని ఆరబెట్టింది. కూర్చున్నాను. సందు అవతల అయిదుగురి వీపులు వంగి కనిపిస్తున్నాయి. పెద్దమ్మ మూపు దాటి అవతలికి వెళ్లింది. నిన్న నేను ఉన్నచోట ఇప్పుడు ఆమె ఉంది. ముందుగా పిలిస్తే లెక్క పూర్తి కాదు. ఆలస్యంగా పిలిస్తే ఏమవుతుందో నా మోకాలికి తెలుసు. వయసు మీద పడి ఆమె నడక అప్పటికే కాస్త కుంటుగా ఉండేది. నన్ను జడ పట్టి లాగినట్టు ఆమెను లాగడానికి నాకు బలం లేదు.

అల వచ్చింది. తెల్ల మచ్చ మునిగింది, తేలింది, తడిగా మెరిసింది. రెండో అల వచ్చింది. మచ్చ ఆరలేదు. మూడోది రాయి మీదుగా, ఏ తొందరా లేనట్టు, మెల్లగా నడిచి పోయింది. మచ్చ ఆరలేదు.

నోరు తెరిచాను.

"అన్నం ఉడికిందండీ!"

ఒక్క తలా కదలలేదు. మొలల చప్పుడు అలాగే సాగింది. మళ్లీ అదే అరిచాను, ఇంకా స్పష్టంగా, ఒక్కో అక్షరం పలికి. కోడలు ఒకసారి తల తిప్పి ఒడ్డు వైపు చూసి, మళ్లీ వంగింది. అయిదేళ్లు కష్టపడి నేర్చుకున్న మాట వారి చెవుల పక్కనుంచి గాలిలా పోతోంది. ఇంకో అల వచ్చింది. ఈసారి రాయి వీపు కనిపించలేదు.

తరువాత వచ్చిన అరుపు నేను ఆలోచించి చేసినది కాదు. పొట్టలోంచి వచ్చింది. గట్టు మీద నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి, రెండు పొలాల అవతలికి పిలిచే మా అమ్మ గొంతు అది.

"కూడుడికినాదర్రో!"

అయిదు వీపులూ ఒకేసారి లేచాయి. బుట్టలు నెత్తికెత్తుకుని, పరుగు లేకుండా, ఆలస్యం లేకుండా వరుసగా సందులోకి దిగారు. నీరు తొడల వరకు ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరో మనిషి లేదు.

"కూడుడికినాదర్రో! పెద్దమ్మోయ్! కూడుడికినాది!"

కోడలు నా పక్కన నిలబడి తడిబట్టలతోనే పిలిచింది. మిగిలినవారూ పిలిచారు. మూపు మీద ఎవరూ లేరు. కోడలు తాడు అందుకుని నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టింది. రెండో కొసను నా చేతికి రెండు మెలికలు వేసింది. అప్పుడు మూపు పైన ముందుగా చట్రం, దాని మధ్యలో పెద్దమ్మ తల కనిపించాయి. చేతులు ఖాళీగా ఉండాలని చట్రాన్ని మెడలో వేసుకుంది. సందు దగ్గరికి వచ్చి, ఒక అలను పోనిచ్చి, దిగింది. అల వస్తే నిలబడింది, పోతే నడిచింది. నడుము లోతు నీటిలోంచి కోడలి చెయ్యి అందుకుని పైకి వచ్చేవరకు నా చేతిలోని తాడును బిగించి పట్టుకునే ఉన్నాను.

"ఇనబడనేదేటి పెద్దమ్మా?" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన ఆ మాట నాకే కొత్తగా వినిపించింది.

"ఇనబడింది" అంది ఆమె, తప్పు చేసి దొరికిన మనిషిలా నీళ్లు పిండుకుంటూ. "మూడోది సగంలో ఉన్నాను. ఒగ్గేస్తే మళ్లీ మొదట్నుంచి కదా."

ఆమె కొంగుకు మూడు ముడులు ఉన్నాయి. చేపలను లెక్కించినట్టే నాలుగేసి చొప్పున పుంజీలుగా లెక్కించి, పుంజీకి ఒక చిన్న నత్తగుల్ల చొప్పున ముడి వేసుకుని వచ్చింది. పుంజీకి చాలక మిగిలినవి నోటితో చెప్పింది. తడి ముడులు విప్పడానికి గోళ్లు నొప్పిపుట్టాయి. మొదటి ముడిలో ఏడు గుల్లలు, పైన మూడు. అంటే ముప్పై ఒకటి. నిన్న నేను లెక్కించిన సంఖ్యే అది. అదే చోటు అయి ఉంటుందని నేను చెప్పలేను. రెండో ముడిలో ఆరు, పైన ఒకటి. మూడో దానిలో ఎనిమిది గుల్లలు. పైన ఏమీ లేవు.

ప్రాజెక్టు నివేదికలో, ఆరో గుంట లెక్క నేను చేసినది కాదని, ఆ గ్రామానికి చెందిన, రాళ్ల మీద నలభై ఏళ్ల అనుభవం ఉన్న స్త్రీ చేసినదని రాశాను. మౌఖిక పరీక్షలో ఒక పరీక్షకుడు, ఆ సంఖ్యలను ఎంతవరకు నమ్మవచ్చునని అడిగారు. నావాటికంటే ఎక్కువగా నమ్మవచ్చునని చెప్పి, కారణం వివరించాను. ఆయన మరో ప్రశ్నకు వెళ్లిపోయారు.

అది తరువాతి మాట. ఆ సాయంత్రం ఒడ్డు మీద కోడలు మిగిలినవారికి నా మొదటి పిలుపును అభినయించి చూపిస్తోంది. "అన్నం ఉడికిందండీ! ఎవులో సుట్టాలొచ్చారనుకున్నానే తల్లీ! మరియాదగా పిలుస్తన్నారు, మనల్ని కాదులే అనుకున్నాను." అందరూ పడీపడీ నవ్వారు. ఈసారి పెద్దమ్మ కూడా నవ్వింది. తరువాత మూట విప్పి, చోడి అంబలి గిన్నె బయటికి తీసి, నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసింది.

"ఇది మట్టుకు నిజంగా కూడే. వస్తావా, ఆకలి నేదా?"

"వస్తన్నాను" అన్నాను.